ఒట్టి తునకలు: ఎండబెట్టి దాచుకున్న తిండి, దాచిపెట్టిన జ్ఞానం

తెలుగులో వంటల పుస్తకాలకు కొదవ లేదు. ఎండబెట్టి నిలవ చేసుకునే తిండి గురించి వాటిల్లో ఒక అధ్యాయం ఉండనే ఉంటుంది. అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, మామిడి ఒరుగులు, మాగాయ. ఏ ఎండలో ఎన్ని రోజులు పెట్టాలో, ఉప్పు ఎంత పట్టించాలో, ఏ జాడీలో దాచాలో వివరంగా రాసి ఉంటుంది. మేము చూసిన పుస్తకాల్లో ఒట్టి తునకలు మాత్రం ఎక్కడా లేవు. అదే ఎండ, అదే ఉప్పు, అదే పసుపు. ఎండేది మాంసం కావడం, అదీ పెద్ద మాంసం కావడం, ఎండబెట్టేది మాల మాదిగ పల్లెల ఆడవాళ్లు కావడమే తేడా.

మేము ఏడో తరగతిలో ఉండగా ఆహార పదార్థాలు చెడిపోకుండా నిలవ చేసే పద్ధతుల మీద ఒక పాఠం వచ్చింది. ఉప్పు వేసి ఎండబెట్టడం ఒక పద్ధతి అని సారు చెప్పి, మీ ఇళ్లల్లో ఏమేం చేస్తారో చెప్పమన్నాడు. ఆ రోజు మా ఇంటి ముందు దండెం మీద మూడు వరసల తునకలు ఎండుతున్నాయి. మేము లేచి నిలబడి "ఆవకాయ సార్" అన్నాం. మా ఇంట్లో ఆవకాయ పెట్టే అలవాటే లేదు. దానికి పట్టే నూనె కొనే స్తోమత మాకు లేదు. అయినా సారు మెచ్చుకున్నాడు. పాఠంలో ఉన్న విషయం మా ఇంట్లో కళ్లెదుట జరుగుతున్నా, దాన్ని ఉదాహరణగా చెప్పే ధైర్యం మాకు లేకపోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఇన్నేళ్ల తర్వాత ఇస్తున్న జవాబు.

ఇందులో మూడు సంగతులు చెప్పదలచుకున్నాం. తునకలు ఎట్లా చేస్తారు, అందులో ప్రతి పనికీ ఉన్న కారణం ఏమిటి అనేది మొదటిది. ఈ తిండి చరిత్రలో మనం వదిలేయాల్సింది ఏది, నిలుపుకోవాల్సింది ఏది అనేది రెండోది. ఈ జ్ఞానం మన తరంలోనే ఎందుకు తెగిపోతోంది అనేది మూడోది.

ఎందుకు ఎండబెట్టారు?

ఒట్టి తునకలు అని మా వైపు అంటారు. ఎండు తునకలు, ఎండు కూర అనే మాటలు కూడా వాడుకలో ఉన్నాయి. మా వైపు అంటే కనిగిరి, మార్కాపురం దిక్కు మెట్ట ప్రాంతం. వాన పడితే పని, లేకపోతే పస్తు.

ఒక ఎద్దునో దున్ననో కోస్తే వంద కిలోలకు పైగా మాంసం వస్తుంది. పల్లెలో నలభై యాభై గడపలు పోగులేసుకుని పంచుకున్నా ఒక్కో ఇంటికి రెండు మూడు కిలోలు వస్తాయి. వేసవిలో పచ్చి మాంసం ఒక పూట దాటితే వాసన కొడుతుంది. ఐసు లేదు, ఫ్రిజ్జు లేదు. ఒక్క రోజున వచ్చిన తిండిని నెలంతా తినాలి. పొలం పనులు లేని రోజుల్లో, కూరగాయ కొనలేని రోజుల్లో కుండలో ఆ నాలుగు తునకలే ఉండేవి. కాబట్టి తునకలను చిరుతిండిగా మాత్రమే చూడటం సరికాదు. భూమి లేని వాళ్లకు ధాన్యపు గాదె ఉండదు. వాళ్లు పెట్టుకున్న గాదె ఇదే.

కొవ్వు లేని పచ్చి మాంసంలో నూటికి 75 వంతుల దాకా నీళ్లే. కిలో మాంసం ఎండితే సుమారు 300 గ్రాములకు దిగుతుంది. కిలో పచ్చి మాంసంలో ఉండే దాదాపు 200 గ్రాముల మాంసకృత్తులు మాత్రం ఆ 300 గ్రాముల్లోనే ఉండిపోతాయి. గుప్పెడు తునకలు వేస్తే ఆరుగురు తినే కూరకు రుచీ వస్తుంది, సత్తువా వస్తుంది. పౌష్టికాహారం పేరుతో ప్రభుత్వాలు పథకాలు పెట్టక ముందే మా అమ్మమ్మలు చేసుకున్న ఏర్పాటు ఇది.

చేసే విధానం

మా అమ్మ చేసిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాం. ఆమెకు చదువు రాదు. ప్రతి దానికీ "అట్టా చెయ్యకపోతే చెడిపోద్ది" అనే చెప్పేది. ఎందుకు చెడిపోతుందో మేము విశ్వవిద్యాలయానికి వచ్చాక పుస్తకాల్లో చదివాం. ఆమె చేసిన దాంట్లో తప్పు పట్టాల్సింది చాలా తక్కువగా కనిపించింది.

మొదట కండ ఎంచుకోవాలి. వెనక తొడ కండ మంచిది. కొవ్వు, పొరలు, నరాలు శుభ్రంగా తీసేయాలి. కొవ్వు ఎండదు. గాలి తగిలేకొద్దీ ముక్కిపోయి మొత్తం కుండనే పాడు చేస్తుంది. అమ్మ కొవ్వును విడిగా కాచి దాచేది, పారేసేది కాదు.

తర్వాత కోత. మాంసాన్ని నార వెంబడి పొడుగ్గా కోయాలి. నారకు అడ్డంగా కోస్తే దండెం మీద తెగి పడిపోతుంది. మందం చిటికెన వేలిలో సగం, అంటే 5, 6 మిల్లీమీటర్లకు మించకూడదు. అమ్మ ఒక ముక్కను పూర్తిగా తెగనీయకుండా ఒక పక్క నుంచి కోసి, తిప్పి రెండో పక్క నుంచి కోసి, మడతలు విప్పినట్టు విప్పేది. జానెడు ముక్క మూరెడు దండ అయ్యేది. మందంగా కోస్తే పైన తొందరగా గట్టిపడుతుంది. లోపలి తడికి బయటికి వచ్చే దారి ఉండదు. పైకి బాగానే ఎండినట్టు కనిపిస్తూ లోపల కుళ్లుతుంది. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. మాంసాన్ని కోయక ముందే కడగాలి. కోశాక కడిగితే పోగొట్టాల్సిన తడినే మళ్లీ పట్టించినట్టు అవుతుంది.

ఇక ఉప్పు. కిలో మాంసానికి ఒక చిన్న పిడికెడు గల్లుప్పు, తూకంలో 30 నుంచి 40 గ్రాములు. ఒక చెంచా పసుపు. చిరుతిండిగా తినాలనుకుంటే కారం, దంచిన వెల్లుల్లి కూడా పట్టించవచ్చు. కూరకు అయితే ఉప్పు, పసుపు చాలు. కారం తర్వాత కూరలో ఎటూ పడుతుంది. ఉప్పు రెండు పనులు చేస్తుంది. మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది. మిగిలిన నీటిని సూక్ష్మజీవులు వాడుకోవడానికి వీల్లేకుండా కట్టేస్తుంది. సూక్ష్మజీవి బతకాలన్నా పెరగాలన్నా నీళ్లు కావాలి. ఆ నీళ్లు దొరక్కుండా చేయడమే ఈ మొత్తం పనిలోని కిటుకు. ఉప్పు పట్టించిన మాంసాన్ని నాలుగైదు గంటలు మూతపెట్టి నీడలో ఉంచి, ఊరిన నీళ్లు ఒంపేయాలి. ఫ్రిజ్జు ఉన్నవాళ్లు రాత్రంతా అందులో ఉంచడం ఇంకా మేలు.

ఎండకు వేయడం పొద్దున్నే మొదలుపెట్టాలి. సాయంత్రం వేస్తే మొదటి రాత్రి తడితోనే గడుస్తుంది, ఇక అది నిలవదు. కొబ్బరి తాడు గానీ వెదురు కర్ర గానీ వాడాలి. ఇనుప తీగకు ఉప్పు తగిలితే తుప్పు పడుతుంది. ఒక తునకకు ఇంకో తునక తగలకుండా వేయాలి. తగిలిన చోట తడి నిలుస్తుంది, ఈగ అక్కడే గుడ్లు పెడుతుంది. ఈగల బెడద మొదటి కొన్ని గంటలే. పైన పొర కట్టాక అవి పెద్దగా వాలవు. ఆ కొన్ని గంటలు అమ్మ దండెం కింద తడి పిడకలతో పొగ వేసేది. ఇప్పుడు దోమతెర గానీ పలచని పాత చీర గానీ చుట్టూ కడితే సరిపోతుంది. కాకుల్ని, కుక్కల్ని తోలడానికి కర్ర పట్టుకుని కూర్చునే ఉద్యోగం పిల్లలది. మేము ఎక్కాలు బట్టీ పట్టింది ఆ దండెం కిందే.

పొద్దుగూకేసరికి తునకలు ఇంట్లోకి తేవాలి. మంచు పడితే రోజంతా ఎండింది వృథా. రాత్రికి పొయ్యి పైన వాసాలకు కట్టిన కర్ర మీద వేసేవాళ్లు. పొయ్యి వేడికి ఆరుతుంది, పొగకు పురుగు పట్టదు, బూజు పట్టదు. ఎండాకాలం అయితే రెండు మూడు రోజులు, చలికాలం అయితే నాలుగైదు రోజులు పడుతుంది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకో రోజు కలుపుకోవాలి. వానాకాలం ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

ఎండిందీ లేనిదీ వంచి చూడాలి. వంచిన చోట బీట పడాలి, కానీ పుల్లలాగా పుటుక్కున విరిగిపోకూడదు. బీట పడిన చోట వేలు పెడితే తడి తగలకూడదు. తడి తగిలితే ఇంకో ఎండ కావాలి.

పూర్తిగా చల్లారాకే కుండలో పెట్టాలి. వెచ్చగా ఉండగా మూత పెడితే ఆవిరి పట్టి బూజు వస్తుంది. మూతి గుడ్డతో కట్టి ఉట్టి మీద పెట్టేవాళ్లు. నెలకోసారి తీసి ఒక పూట ఎండ చూపించాలి. ఇట్లా చూసుకుంటే మూడు నాలుగు నెలలు నిలవ ఉంటాయి. బూజు కనిపించినా, జిగురు తగిలినా, వాసన మారినా కడిగి వాడుకుందాం అనుకోవద్దు. పారేయాల్సిందే.

తినే విధానం, ఒక జాగ్రత్త

కూరకు అయితే వేడి నీళ్లలో రెండు సార్లు కడిగి ఉప్పు తగ్గించాలి. అరగంట నానబెట్టి, రోట్లో రెండు దెబ్బలు వేసి నార విడిచాక, మెత్తబడేదాకా ఉడకబెట్టాలి. గోంగూరతో, వంకాయతో, సొరకాయతో, చిక్కుడు గింజలతో, మామిడికాయ పుల్లతో వండుతారు. సజ్జ సంగటికి, జొన్న సంగటికి ఈ కూరను మించింది లేదు. ఈ కూరలో ఉప్పు వేసే ముందు రుచి చూడాలి. రక్తపోటు ఉన్నవాళ్లు నానబెట్టిన నీళ్లు రెండు సార్లు మార్చి పారబోయాలి.

చిరుతిండికి అయితే నిప్పుల మీద గానీ కుమ్ములో గానీ కాల్చి, బూడిద దులిపి, రోట్లో దంచి, పచ్చి ఉల్లిపాయ, కారం కలుపుకుంటారు. సన్నగా చీల్చి కొంచెం నూనెలో కరకరలాడేట్టు వేయించి, వెల్లుల్లి, కరివేపాకు వేసినా బాగుంటుంది. పొలం పోయేవాళ్లు మూటలో కట్టుకుని పోయేది ఇదే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన పద్ధతిలో పచ్చి మాంసాన్నే ఎండబెడతారు. కానీ నేరుగా తినరు. కాల్చో, వేయించో, గంటసేపు ఉడికించో తింటారు. ఎండ తడిని తీసేస్తుందే తప్ప సూక్ష్మజీవులన్నిటినీ చంపదు. అమెరికాలోని ఒరెగాన్‌లో 1995లో ఇంట్లో ఎండబెట్టిన జింక మాంసం తిని ఈ.కోలై సోకి మనుషులు జబ్బుపడ్డారు. అందుకే అక్కడి ప్రభుత్వ శాఖ, ఎండబెట్టే ముందే మాంసాన్ని 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయమని చెబుతుంది. మన ఇళ్లల్లో దీనికి సులువైన దారి ఉంది. పిల్లలకో, ఊరు పోయేవాళ్లకో నేరుగా తినే తునకలు చేయాలనుకుంటే, ఉప్పు, పసుపు వేసి మరుగుతున్న నీళ్లలో తునకలు వేసి, లోపల ఎరుపు పోయేదాకా ఉంచి, నీళ్లు పూర్తిగా కారనిచ్చి ఎండకు వేయాలి. రంగు కొంచెం తగ్గుతుంది, భయం ఉండదు.

వదిలేయాల్సింది ఏది?

మేము ఈ తిండిని పొగడటానికే కూర్చోలేదు. దీని చరిత్రలో అవమానం ఉంది. దాన్ని దాచిపెట్టి సంస్కృతి పేరుతో ఊరేగితే మన పెద్దలు చేసిన పోరాటానికి ద్రోహం చేసినట్టు అవుతుంది.

మన తాతల కాలంలో తునకలైన మాంసమంతా కోత గొడ్డు మాంసం కాదు. ఊళ్లో రైతు గొడ్డు చస్తే దాన్ని ఈడ్చుకుపోవడం వెట్టిలో భాగం. తోలు తీసివ్వాలి, చెప్పులు కుట్టివ్వాలి, మోట బొక్కెన కుట్టివ్వాలి. ఆ చాకిరీకి కూలి కింద మిగిలేది చచ్చిన గొడ్డు మాంసం. ముందు ఆ పని మన మెడకు కట్టారు, ఆ తర్వాత ఆ తిండి తింటున్నారు కాబట్టి అంటరానివాళ్లు అన్నారు. అంబేద్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' అనే పుస్తకంలో అంటరానితనం పుట్టుకను ఈ గొడ్డు మాంసం ప్రశ్నతోనే ముడిపెట్టి చర్చించాడు. అంతకు ముందే 1927 మార్చిలో మహాడ్ సభలో చచ్చిన గొడ్డు మాంసం తినడం మానేయమని, ఎంగిలి కూటికి చేయి చాపవద్దని పిలుపునిచ్చాడు. ఆ పిలుపును మాంసాహారం మీద ద్వేషంగా చదివేవాళ్లు ఉన్నారు. అది సరైన చదువు కాదు. ఏం తినాలో ఊరు నిర్ణయించి పడేస్తే తినే స్థితి మీద ఆయన తిరగబడమన్నాడు.

దీనికి ఆరోగ్యం వైపు నుంచి కూడా గట్టి కారణం ఉంది. గొడ్డు జబ్బుతో చచ్చినప్పుడు ఆ జబ్బు దొమ్మ రోగం కావచ్చు. ఇంగ్లీషులో దీన్ని ఆంత్రాక్స్ అంటారు. దీని సూక్ష్మజీవులు గాలి తగిలితే గట్టి కవచం కట్టుకుని ఏళ్ల తరబడి బతుకుతాయి. ఉప్పు వాటిని చంపదు, ఎండ చంపదు. కోసిన చేతులకు, తోలు తీసిన చేతులకు, తిన్న కడుపుకు అన్నిటికీ ప్రమాదమే. చచ్చిన గొడ్డును ఈడ్చే పని ఎవరిదో, ఈ జబ్బు మొదట అంటుకునేదీ వాళ్లకే. కాబట్టి ఒక్క మాట ఖచ్చితంగా చెప్పదలచుకున్నాం. జబ్బుపడి చచ్చిన పశువు మాంసం, కారణం తెలియకుండా పడిపోయిన పశువు మాంసం, ఎంత ఉప్పేసినా ఎన్ని ఎండలు పెట్టినా తినకూడదు. దాని తోలు తీయనూ కూడదు. పశువుల డాక్టరు చూసి పంపిన పశువు మాంసాన్నే వాడాలి.

ఆ వెట్టి పని ఇంకా పోలేదని గుజరాత్ చూపించింది. 2016 జులైలో ఊనా దగ్గర మోటా సమఢియాళా గ్రామంలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను గోరక్షకులమని చెప్పుకునేవాళ్లు పట్టుకుని, పట్టణానికి తీసుకుపోయి, కారుకు కట్టి కొట్టారు. ఆ పని మీరే చేయాలని శాసించిన సమాజమే ఆ పని చేసినందుకు కొట్టింది. దానికి దళితులు ఇచ్చిన జవాబు చరిత్రలో నిలుస్తుంది. సురేంద్రనగర్‌లో పశువుల కళేబరాలను కలెక్టరు కార్యాలయం ముందు పడేశారు. మీ గొడ్లను మీరే పూడ్చుకోండి అన్నారు. మహాడ్ నుంచి ఊనా దాకా ఒకే దారి కనిపిస్తుంది. మెడకు కట్టిన పనినీ, విసిరేసిన తిండినీ తిప్పికొట్టడం ఆ దారి. మన డబ్బుతో కొనుక్కుని, మన ఇష్టంతో వండుకునే తిండిని కాపాడుకోవడం కూడా అదే దారిలోని పని. ఈ రెండింటికీ మధ్య పొత్తు కుదరదని వాదించేవాళ్లు వెట్టికీ హక్కుకీ తేడా చూడలేకపోతున్నారు.

దండెం ఎందుకు మాయమైంది?

మేము హైదరాబాదులో పీహెచ్‌డీకి వచ్చిన కొత్తలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. అమ్మ ఊరి నుంచి వచ్చేటప్పుడు ఒక డబ్బాలో తునకలు తెచ్చింది. ప్రయాణంలో కొంచెం చెమ్మ తగిలాయని డాబా మీద బట్టల దండెం పక్కన ఎండేసింది. సాయంత్రానికి ఇంటి యజమాని వచ్చి మా కులం అడిగాడు. అంతకు ముందు ఆర్నెల్లుగా అడగలేదు. నెలాఖరుకు గది ఖాళీ చేశాం. అమ్మ ఆ తర్వాత మళ్లీ తునకలు తేలేదు. "మీ చదువుకు అడ్డం ఎందుకులేరా" అంది.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. చదువుకుని పట్నం వచ్చిన ప్రతి మొదటి తరం వాళ్లకీ ఇట్లాంటిది ఒకటి ఉంటుంది. పచ్చి మాంసం నల్ల కవరులో చుట్టి తెచ్చుకోవచ్చు. తలుపేసుకుని వండుకోవచ్చు. తునకలను మాత్రం దాచి ఎండబెట్టలేం. దానికి ఎండ కావాలి, గాలి కావాలి, ఆరుబయట కావాలి. మన ఇంటి ముందు దండెం మీద తునకలు ఎండుతుంటే మన కులం బోర్డు రాసి పెట్టినట్టే. అందుకే మనలో చదువుకున్న ఇళ్లల్లో మొదట పోయింది ఇదే. కూర మిగిలింది, తునక పోయింది.

భయం కూడా ఉత్తినే రాలేదు. 2015 సెప్టెంబరులో ఉత్తర ప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర బిసాడాలో, ఇంట్లో ఆవు మాంసం దాచారన్న పుకారుతో మహమ్మద్ అఖ్లాక్‌ను కొట్టి చంపారు. ఇంట్లో మాంసం నిలవ ఉండటమే ప్రాణం మీదికి వచ్చింది. అదే ఏడాది మహారాష్ట్రలో ఎద్దుల వధ మీద కూడా నిషేధం అమల్లోకి వచ్చింది. మన దగ్గర 1977 నాటి చట్టం ఉంది. అది ఆవును కోయడాన్ని నిషేధిస్తుంది. పనికిరాకుండా పోయిన ఎద్దును, గేదెను అధికారి ధ్రువపత్రంతో కోయడానికి అనుమతిస్తుంది. ఈ తేడా మన కార్యకర్తలకు, విద్యార్థులకు తెలిసి ఉండాలి. చట్టం అనుమతించిన తిండిని కూడా ఊరి భయానికి, యజమాని భయానికి వదులుకుంటున్నాం.

దీనికి రెండో వైపు చూడండి. అమెరికా నుంచి సెలవుల్లో వచ్చిన ఒక స్నేహితుడు హాస్టలుకు ఒక పొట్లం తెచ్చాడు. దాని మీద బీఫ్ జెర్కీ అని ఉంది. గదిలో అందరూ తలా ఒక ముక్క తీసుకున్నారు, ఎవరూ ముక్కు మూసుకోలేదు. మేము నోట్లో వేసుకుంటే మా ఇంటి దండెం గుర్తొచ్చింది, కొంచెం చక్కెర ఎక్కువ, అంతే. ఆ జెర్కీ అనే మాట ఆండీస్ కొండల్లోని కెచువా భాషలో చార్కి అనే మాట నుంచి వచ్చింది. అక్కడి మూలవాసులు లామా మాంసాన్ని ఎండబెట్టి దాచుకునేవాళ్లు. దక్షిణాఫ్రికాలో బిల్టాంగ్ అంటారు. నేపాల్‌లో సుకుటి అంటారు. పక్కనే మరాఠ్వాడాలో మన వాళ్లు చాన్యా అంటారు. పని ఒకటే, కిటుకు ఒకటే. పొట్లంలో పెట్టి అమ్మితే మర్యాద, పల్లెలో దండెం మీద వేస్తే కంపు.

మహారాష్ట్రలో ఈ జ్ఞానాన్ని కాగితం మీదికి తెచ్చే పని మనకన్నా ముందు జరిగింది. 2009లో పుణె విశ్వవిద్యాలయం స్త్రీ అధ్యయన కేంద్రంలో శర్మిలా రేగే, ఆమె విద్యార్థులు దళితుల తిండి జ్ఞాపకాలను సేకరించి పుస్తకంగా తెచ్చారు. 2015లో శాహూ పాటోళే మరాఠ్వాడా మహర్, మాంగ్ కులాల వంటల మీద మరాఠీలో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' రాశాడు. అన్నం పూర్ణబ్రహ్మం అనే పాత మాటకు అది ఎదురు మాట. మన దగ్గర విశ్వవిద్యాలయాల్లో పెద్దకూర పండగలు జరిగాయి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు జరిపినప్పుడు దాడులను కూడా ఎదుర్కొన్నారు. ఆ పోరాటం విలువ తక్కువది కాదు. కానీ పండగ ఒక రోజుది. తునకలు నెలల తరబడి తినే తిండి. పండగ నాడు బిర్యానీ వండటం వచ్చిన మనకు, అమ్మ పద్ధతిలో కిలో మాంసం ఎండబెట్టడం రాకపోతే మనం నిలబెట్టుకున్నది సగమే.

చేయాల్సిన పని

ఈ విద్య ఆడవాళ్ల చేతుల్లో ఉంది. మా పల్లెలో గొడ్డును కోయడం మగవాళ్ల పని అయితే, తునక కోయడం, ఉప్పు చూడటం, ఎండ చూడటం, కుండ కాపాడటం అన్నీ ఆడవాళ్లవే. ఎప్పుడు తీయాలి, ఎన్ని రోజులకు సరిపెట్టాలి, ఏ పూట ఎవరికి ఎన్ని తునకలు వేయాలి అనే లెక్క కూడా వాళ్లదే. మన ఉద్యమ సాహిత్యం తిండి గురించి రాసినప్పుడు కూడా ఈ లెక్కను రాయలేదు. తినే హక్కు గురించి రాశాం, చేసే చేతుల గురించి తక్కువ రాశాం. ఇది మన లోపం.

మాఘ ఫాల్గుణ మాసాలు ఈ పనికి అనువైన కాలం. ఎండ ఉంటుంది, వాన ఉండదు. ఈసారి ఆ రోజుల్లో ఊరికి పోయే విద్యార్థి మిత్రులు ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. కిలో మాంసంతో మొదలుపెట్టండి. ఆమె పిడికెడు అన్న ఉప్పును తూకం వేసి రాయండి. మీ వైపు తునకను ఏమంటారో, దేంతో వండుతారో రాయండి. ఏది మానేశారో, ఎప్పుడు మానేశారో, ఎందుకు మానేశారో కూడా రాయండి. బడిలో పాఠాలు చెప్పే మిత్రులకు ఇంకో మనవి. నిలవ చేసే పద్ధతుల పాఠం వచ్చినప్పుడు అప్పడాలు, ఆవకాయతో పాటు తునకల పేరు మీరే ముందు చెప్పండి. వెనక బెంచీలో ఒక పిల్లో పిల్లాడో తలెత్తి చూస్తారు. ఆ పిల్లలు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఈ వ్యాసం కోసం అమ్మను కూర్చోబెట్టి కొలతలు అడుగుతుంటే ఆమె చాలాసేపు నవ్వింది. "ఇది కూడా రాస్తారా?" అంది. రాస్తామని చెప్పాం. కాసేపు ఆగి, "అయితే కొవ్వు సంగతి మర్చిపోకుండా రాయండి, చాలామంది అక్కడే చెడగొడతారు" అంది.